వేద తెలివికి కొలత

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఆడవాళ్లలో కోమలి చేతికి పేరుంది. ఆమె వేసిన గుడ్డను మడత విప్పి చూడకుండానే కొనేవాళ్లున్నారు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగించి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లలో ముంచి గీసే పని అది. కరక్కాయా పాలూ పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్లు పడగానే నల్లబడతాయి. నల్లబడ్డాక ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గీత పోదు. అందుకే చాలామంది ముందు చింతబొగ్గుతో గీసుకుని, ఆ గీతల మీద కలం నడుపుతారు. కోమలి తండ్రి మాత్రం పిల్లల చేతికి బొగ్గు ఇచ్చేవాడు కాదు.

"బొగ్గుంటే చెరుపుకోవచ్చులే అని సెయ్యి సోమరిదైపోతాది. గుడ్డ ముందర కూసో. బొమ్మంతా గుడ్డ మీద కనపడేదాకా సూడు. కనపడినాక కలం పెట్టు. అంతదాకా సేతులు ఒళ్లో పెట్టుకో" అనేవాడు.

కోమలి ఏడో తరగతిలో బడి మానేసి ఆయన పక్కన కూర్చుంది. ఇప్పుడామెకు ముప్పై ఆరేళ్లు. పొద్దస్తమానం వంగి కూర్చుని నడుము పట్టేస్తుంది. వేళ్ల సందుల్లో నలుపు పెళ్లిళ్లకు పోయే రోజున కూడా వదలదు. ఆ పని అంటే ఆమెకు ఎంతో గౌరవం. కూతురు మాత్రం ఆ పనిలోకి రాకూడదని అంతే గట్టిగా ఉంది. పిల్ల చదువుకోవాలి, కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేయాలి.

అయినా ఇంట్లో కలం ఉంటే పిల్ల పట్టుకోకుండా ఉంటుందా? శ్రీవేద ఐదేళ్లప్పుడే వచ్చి పక్కన కూర్చుంది. కోమలి తండ్రి చెప్పిన మాటే కూతురికి చెప్పింది. కనపడినాక పెట్టు, అంతదాకా చేతులు ఒళ్లో పెట్టుకో. పిల్ల ఆ మాటను మందులా మింగింది. ఎనిమిదేళ్లకు నెమలి తోకను ఒక్క వంకర లేకుండా దించింది. ఆ గుడ్డముక్కను కోమలి ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించింది.

బడిలో కథ వేరుగా ఉంది. కోమలి మొగుడు ధనంజయ ఆ ప్రైవేటు బడి వ్యాను నడుపుతాడు. టీచర్లు వ్యానులో మాట్లాడుకునే మాటలు అతని చెవిన పడతాయి. వేద పరీక్ష పేపరులో సగమే రాస్తుందట. రాసిందంతా సరిగ్గానే ఉంటుంది, మిగతా సగం తెల్లకాగితమట. లేచి నిలబెట్టి ప్రశ్న అడిగితే నోరు విప్పదట. పక్క పిల్ల చెప్పేశాక అదే జవాబు మెల్లగా చెబుతుందట. నాలుగో తరగతి అయిపోవస్తుండగా హెడ్మిస్ట్రెస్ చంద్రకాంతమ్మ మొగుడూపెళ్లాలిద్దరినీ పిలిపించింది.

"పాప మంచిదేనమ్మా. అల్లరి లేదు, గొడవ లేదు" అంది ఆమె. "కానీ బుర్రలో ఏమైనా ఇబ్బంది ఉందేమో చూపించుకోవాలి. తిరుపతిలో ఐక్యూ పరీక్ష చేస్తారు. మామూలుగానే ఉందని వస్తే ఐదుకు పంపిస్తాం. లేదంటే అట్లాంటి పిల్లలకు వేరే బళ్లు ఉండాయి. ఇక్కడ పెట్టుకుని మీ పాపను మేము పాడు చెయ్యకూడదు కదా."

అట్లాంటి పిల్లలు. ఆ మాట కోమలి వెంట ఇంటికొచ్చింది. ఆ రోజు పనిలో కూర్చున్నా గుడ్డ మీద ఏమీ కనపడలేదు. కలం ఎత్తకుండానే లేచింది.

ఇంట్లో అత్త కుప్పమ్మ విషయం వింటూనే గోడకు ఆనుకుని కూర్చుంది.

"మా వొంశంలో అట్లాంటోళ్లు ఎవురూ లేరు. నా కొడుకులిద్దరూ అడిగేలోపల చెప్పేవాళ్లు" అంది కోడలి వైపు చూడకుండా.

చిన్నకొడుకు మునికుమార్ ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు. అతను ఫోను తీసి అందరి ముందూ తిప్పాడు.

"ఐక్యూ అంటే అంత బయపడాల్సింది ఏముండాది వదినా? ఫోన్లోనే చేసుకోవచ్చు. నాది నూటా ముప్పై ఒకటి. ఈ వీధి మొత్తం మీద నా అంత తెలివి యాడా దొరకదు."

"అట్నా?" అన్నాడు ధనంజయ. "మొన్న నా వ్యానుకు డీజిలు బదులు పెట్రోలు కొట్టించిన తెలివి ఎవురిదప్పా?"

అందరూ నవ్వారు. వేద కూడా నవ్వింది. కోమలి నవ్వుతున్న పిల్లను చూసింది. అందరూ నవ్వాక కొంచెం ఆగి నవ్విందా, అందరితో పాటే నవ్విందా? ఇంతకు ముందు ఇలాంటివి చూడాలని కూడా ఆమెకు తోచేది కాదు. ఇప్పుడు పిల్ల అన్నం కలిపేది, చెప్పులు తొడుక్కునేది, పిలిస్తే తిరిగి చూసేది, అన్నీ ఆమెకు పరీక్షలైపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం గుడ్డలు ఆరుతుండగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మరిది చెప్పిన పరీక్షను కోమలి తన ఫోన్లో తెరిచింది. అన్నీ బొమ్మలే. వరసలో ఒక గడి ఖాళీగా ఉంది, అందులోకి ఏ బొమ్మ వస్తుందో చెప్పాలి. బొమ్మలంటే తనకు భయమా? మొదటిదాన్ని నిదానంగా చూసింది. జవాబు తెలిసింది. సరిగ్గా అదేనా అని రెండోసారి మూల నుంచి మూలకు చూసుకుంటుండగా పేజీ దానంతటదే మారిపోయింది. రెండోదీ అంతే. చివరికి గుండ్రటి చక్రంలో ఎనభై రెండు అని వచ్చింది. కింద ఆమె ఎంతమంది కంటే వెనక ఉందో రంగు గీత వేసి మరీ చూపించారు.

జ్వరం ఎంతుందో చూసుకున్నట్టు ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. అయితే ఇది నా దగ్గర నుంచే పోయింది పిల్లకు, అనుకుంది. బడి మానింది పేదరికం వల్లనని ఇన్నేళ్లూ చెప్పుకుంది. అసలు కారణం ఇదేనేమో. అత్త తన వైపు చూడకుండా అన్న మాటలో అబద్ధం లేదేమో.

సాయంత్రం మునికుమార్ అడిగాడు.

"చేసినావా వదినా?"

"గుడ్డలు ఉతికేదానికే సరిపోయినాది. నాకెందుకబ్బా అవన్నీ" అంది కోమలి, పొయ్యి వైపు తిరిగి.

పరీక్షకు ముందు పిల్లను ఎలా సిద్ధం చేయాలో ఆమెకు అర్థం కాలేదు. తిరుపతిలో ఏ పరీక్షకైనా కోచింగు ఉంటుంది. దీనికి కూడా పాత ప్రశ్నలు దొరుకుతాయేమో కనుక్కోమని మొగుణ్ణి వేధించింది. ధనంజయ క్లినిక్కుకు ఫోను చేసి, మాట్లాడి, ఫోను పెట్టేశాడు.

"దీనికి చదువుకోని రాకూడదంట. బాగా నిద్రపోయి, కడుపునిండా తిని రమ్మన్నారు."

"అంతేనా?"

"అంతే."

కోమలికి భయం పెరిగింది. చదవకుండా పోవాల్సిన పరీక్ష అంటే లోపల ఉన్నదేదో ఉన్నట్టు బయటపడేది అన్నమాట. దాన్ని తల్లి దిద్దేందుకు లేదు.

తిరుపతి బస్సులో వేద కిటికీ పక్కన కూర్చుంది. ఏర్పేడు దాటాక పిల్ల కిటికీ వైపే చూస్తూ అడిగింది.

"అమ్మా, నాకు తెలివి లేదని చెప్పినారనుకో. అప్పుడు నాయన వ్యాన్లో నేను ఎక్కకూడదా?"

కోమలి పిల్ల వైపు తిరిగింది.

"ఎవురు చెప్పినారే నీకు?"

"అవ్వ చెప్పింది. వేరే బడికి వేరే వ్యాను వస్తాదంట."

"మీ అవ్వకు పనిలేదు. ఆడ ఆంటీ ఏమడిగితే అది చెప్పు. బయపడొద్దు. తొందరపడొద్దు. బాగా చూసి చెయ్యి."

పిల్ల తలూపింది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు.

క్లినిక్కు ఒక సందులో, మేడ మీద ఉంది. పరీక్ష చేసే స్టెల్లా మేడమ్ నలభై దాటిన మనిషి, నూలు చీర కట్టుకుని, పెద్దగా గొంతెత్తకుండా మాట్లాడింది. తనది పాకాల అని, కాళహస్తికి చిన్నప్పుడు వచ్చేదాన్నని చెప్పి, పిల్లను నవ్వించింది. తర్వాత లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. తలుపుకు నిలువుగా ఒక సన్నని అద్దం ఉంది. బయట బల్ల మీద కూర్చోమన్నారు గానీ కోమలి అద్దం దగ్గర నిలబడిపోయింది.

మొదట మాటలే నడిచాయి. మేడమ్ ఏదో అడుగుతోంది, వేద చెబుతోంది. మాట వినపడదు, పెదాలు కదలడం కనపడుతుంది. ఒకచోట పిల్ల రెండు చేతులూ చాపి ఏదో వర్ణించింది. మేడమ్ రాసుకుంది. కోమలికి కొంచెం ఊపిరి ఆడింది.

తర్వాత బల్ల మీదికి చెక్క దిమ్మెలు వచ్చాయి. కొన్ని పక్కలు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని సగం సగం. మేడమ్ ఒక బొమ్మ అట్ట చూపించింది. ఆ బొమ్మ వచ్చేలా దిమ్మెలు పేర్చాలని దూరం నుంచే తెలిసిపోతోంది. ఎరుపు, తెలుపు, నాలుగు మూలలు. ఇది మన పని, అనుకుంది కోమలి. ఇక్కడ మాత్రం నా కూతుర్ని ఎవరూ దాటలేరు. ఆ ఆశ ఎంతోసేపు నిలవలేదు. మేడమ్ ఎడమచేతిలో స్టాప్‌వాచ్ గడియారం కనపడింది. ఆమె బొటనవేలు దాని మీద నొక్కింది.

వేద చేతులు ఒళ్లో పెట్టుకుంది.

బొమ్మను చూస్తోంది. కళ్లు పై మూల నుంచి కింది మూలకు, అక్కడి నుంచి నడిమికి పోతున్నాయి. ఆ కళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో కోమలికి తెలుసు. తన కళ్లూ అక్కడే ఆగుతాయి. ఇప్పుడు సగం కనపడి ఉంటుంది. ఇప్పుడు అంచు కనపడుతుంది. ఇంకొక్క రవ్వ. మేడమ్ గడియారం నొక్కి కాగితం మీద ఏదో వేసింది, దిమ్మెలను మాత్రం తీసేయలేదు. అప్పుడు వేద చేతులు ఒళ్లోంచి లేచాయి. ఒక్క దిమ్మె కూడా మార్చి పెట్టకుండా, గబగబా, అట్ట మీది బొమ్మను అచ్చంగా పేర్చేసి చేతులు వెనక్కి తీసుకుంది.

రెండో అట్ట. మళ్లీ చేతులు ఒళ్లో. మళ్లీ గడియారం నొక్కుడు. మళ్లీ కాలం అయిపోయాక అచ్చమైన బొమ్మ.

పిల్ల ఏమీ చేయడం లేదని మేడమ్ అనుకుంటోంది. చేస్తోంది. మొత్తం చేస్తోంది, చేతులు తప్ప. అయినా ఆ గడియారానికి చేతులే కనపడతాయి. ఒళ్లో పెట్టుకోమని చెప్పింది ఎవరు? నాలుగేళ్లుగా రోజూ చెప్పింది ఎవరు? పొద్దున బస్సులో కూడా చెప్పింది ఎవరు?

మూడో అట్ట వచ్చింది. బొటనవేలు గడియారం మీద పడింది. పిల్ల చేతులు బల్ల కిందికి దిగుతుంటే కోమలి తలుపు తోసేసింది.

"పెట్టు పాపా! తప్పైతే పోనీ, పెట్టెయ్!"

స్టెల్లా మేడమ్ తల తిప్పింది. కోప్పడలేదు. గడియారం ఆపి, "అమ్మా, మీరు బయట కూర్చోండి. ఇక్కడికి రాకూడదు" అంది.

వేద మాత్రం తల్లినే చూస్తోంది. తల్లి నోట బూతుమాట విన్నట్టు చూస్తోంది. చూపు తిప్పకుండానే దిమ్మెలు తీసుకుని ఏదో ఒకటి పక్కన ఇంకొకటి పెట్టింది. ఎరుపు ఎటో, తెలుపు ఎటో. ఒక దిమ్మె జారి కింద పడితే వంగి తీసుకుంది.

కోమలి బయటికి వచ్చి అద్దానికి దూరంగా ఉన్న బల్ల మీద కూర్చుంది. ఆ తర్వాత లోపల ఏం జరిగిందో ఆమె చూడలేదు. చెడగొట్టాను, ఉన్నదాన్ని కూడా చెడగొట్టాను అని ఒకటే మాట లోపల తిరుగుతూ ఉంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మేడమ్ ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. వేద బయట బొమ్మల పుస్తకం తిరగేస్తోంది.

"మొత్తం మీద డెబ్బై తొమ్మిది వచ్చింది" అంది మేడమ్. "మీరు వచ్చినప్పటి దిమ్మెల బొమ్మను లెక్కలో కలపలేదు."

"ఎనబైకి లోపలా?"

"అవును. మామూలు పిల్లలకు కొంచెం కింద."

కోమలికి ఏడుపు రాలేదు. నోటి నుంచి వేరే మాట వచ్చేసింది.

"నాదే ఎనబై రెండు మేడమ్. నా పోలికే వచ్చింది దానికి."

"మీరెక్కడ చేయించుకున్నారు?"

"ఫోన్లో."

స్టెల్లా మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"ఎవరికైనా చెప్పినారా?"

"లేదు."

"ఇంక చెప్పొద్దు, మీరూ మర్చిపోండి. అవి ఆటల్లాంటివి, వాటిని పెట్టుకుని ఏడవకూడదు. ఇప్పుడు నాకొకటి చెప్పండి. మీరు లోపలికి వచ్చి ఎందుకట్ల అన్నారు?"

కోమలి చెప్పింది. ముందు తడబడింది. తండ్రి సంగతి, బొగ్గు సంగతి, గుడ్డ మీద పోని నలుపు సంగతి వచ్చేసరికి మాట దారిలో పడింది.

"అది ఊరికే కూర్చోలేదు మేడమ్. చూస్తా ఉండింది. నేనే నేర్పించినాను. నా వల్లే పోయినాయి దాని మార్కులు."

"ఊరికే కూర్చోలేదని నాకూ తెలుసు. అందుకే గడియారం ఆపినాక కూడా దిమ్మెలు తియ్యలేదు. ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా పేర్చింది. మాటల్లో బాగుండాది. ఆలోచనలో లోపం లేదు. వేగంలో మటుకు శానా వెనకబడింది. కానీ కాలం దాటినాక పేర్చినదానికి మార్కు వేసేదానికి లేదమ్మా. అందరు పిల్లలకూ ఒకటే గడియారం. ఒకరికి సడలిస్తే ఈ అంకెకు అర్థం ఉండదు."

"అయితే ఆ అంకె తప్పు కదా?"

"తప్పు కాదు" అంది మేడమ్. ఆ మాట చెప్పడం ఆమెకూ ఇష్టం లేనట్టుంది. "గడియారం పెట్టుకుని చేసే పని దగ్గర మీ పాప ఎంత కష్టపడుతుందో అది సరిగ్గానే చెప్తోంది. బడంతా గడియారమే కదా. ఎందుకు కష్టపడుతుందో మాత్రం చెప్పదు. మీ పనొక్కటే కారణమని కూడా నేను రాసివ్వలేను. కొందరు పిల్లల తీరే నిదానం. కొందరికి తప్పు చేస్తామని బయం. ఒక్క పూట చూసి తేల్చకూడదు. ఏడాది పోయినాక మళ్లీ చూద్దాం."

"మరి బడి?"

"వేరే బడి అక్కరలేదని రాస్తాను. పరీక్షల్లో కొంచెం ఎక్కువ టైము ఇమ్మని రాస్తాను. ఇంట్లో మీరు కూడా ఒక పని చెయ్యాలి. తొందరగా చేసే ఆటలు ఆడించండి. తప్పు చేస్తే ఏమీ కాదని పాపకు తెలియాలి."

కోమలి వేళ్ల సందుల్లో నలుపును చూసుకుంది.

"ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు మేడమ్" అంది.

బడిలో చంద్రకాంతమ్మ కాగితం చేతికి తీసుకోగానే ఆమె చూపు అంకె మీద పడింది. కోమలి ఆ చూపునే గమనిస్తూ కూర్చుంది. చాలాసేపటికి అది కిందికి దిగి మిగతా రాత చదివింది.

"సరేనమ్మా, మేడమ్ ఇంత చెప్పినాక నేను కాదనను. ఐదుకు పంపిస్తాం. పరీక్షలకు అరగంట ఎక్కువిస్తాం. కానీ క్వార్టర్లీ దాకానే. అప్పటికీ సగం పేపరు ఖాళీగా ఉంటే నన్ను అడగొద్దు. మిగతా పిల్లల తల్లులకు నేను జవాబు చెప్పుకోవాల."

బయటికి వచ్చాక ధనంజయ వ్యాను తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"బడిలో నిలబడినాదిలే" అన్నాడు.

"క్వార్టర్లీ దాకా" అంది కోమలి.

ఆదివారం పొద్దున తనతో గుడ్డలు వేసే ఆడవాళ్లెవరూ రాకముందు ఆమె వసారాలో చాప పరిచింది. నూనె మరక పడి పక్కన పడేసిన గుడ్డముక్కను పరిచి, కలం ముంచి వేద చేతికి ఇచ్చింది. ఫోన్లో గడియారం తెరిచి పక్కన పెట్టుకుంది.

"చిలకను వెయ్యి. నేను నొక్కతానే మొదలుపెట్టాల."

గడియారం నొక్కింది. వేద చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వెయ్యి."

"ఇంకా కనపడలేదమ్మా."

"కనపడకపోయినా వెయ్యి."

పిల్ల అనుమానంగా చూసింది. తల్లి తనతో ఏదో ఆట ఆడి, తర్వాత తిడుతుందేమో అన్నట్టు చూసింది. తర్వాత కలం పెట్టింది. ముక్కు రావాల్సిన చోట గీత బయటికి జారిపోయింది, నీళ్లు ఎక్కువై చుక్క పాకింది. కోమలి చెయ్యి దానంతటదే లేచి పిల్ల మణికట్టును పట్టుకోబోయింది. సగంలో ఆపుకుంది. కానీ వేద చెయ్యిని చూడలేదు, తల్లి మొహాన్ని చూసింది. కలం కింద పెట్టేసింది.

"నీకు కోపం వచ్చింది."

"రాలేదే."

"వచ్చింది. నాకు తెలుస్తాది." పిల్ల కలాన్ని తల్లి వైపు జరిపింది. "ముందు నువ్వు వెయ్యి. నేను నొక్కతాను."

"నాకెందుకే?"

"నువ్వు కూడా కనపడకుండా వెయ్యాల. అప్పుడు నేను వేస్తాను."

కోమలి కలం తీసుకుంది. గుడ్డ ముందు కూర్చుంది. వేద వేలు ఫోను మీద పడింది. చిలక గుడ్డ మీద కనపడలేదు. తోక కనపడింది, మెడ ఎక్కడ తిరుగుతుందో తెలియలేదు. ఇరవై ఏళ్లకు పైగా తను ఇలా కలం పట్టి ఎరగదు. ఎడమచెయ్యి అప్పుడే ఒళ్లోకి పోయి ఉంది.

"పోతా ఉండాది అమ్మా! వెయ్యి, వెయ్యి!"

పిల్ల గొంతులో నిజమైన కంగారు ఉంది. క్లినిక్కు తలుపు తోసినప్పుడు తన గొంతు ఇలాగే ఉండి ఉంటుంది. కోమలి ఉన్నిని నొక్కింది. కలం గుడ్డను తాకింది. ఎక్కడికి పోతుందో తెలియకుండానే చేతిని లాగింది. మెడ బారుగా, కొంగ మెడలా వచ్చింది. దానికి కింద కాళ్లు పెట్టింది. కాళ్లు రెండూ ఒకేవైపు పోయాయి.

వేద గడియారం ఆపింది. ఇద్దరూ గుడ్డను చూశారు. చూస్తుండగానే గీతలు బూడిద రంగులోంచి నల్లబడ్డాయి. తుడిచేయాలని చెయ్యి లాగుతోంది, తుడిస్తే పోయేది కాదు.

"ఇది చిలకేనా?" అంది వేద.

"కాదులే."

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "అవ్వా, రా! అమ్మ ఏం వేసిందో సూడు!" అని లోపలికి కేక వేసింది.

కుప్పమ్మ వచ్చి వంగి చూసింది. కోమలి తలెత్తలేదు. కలం ముంచి కూతురికి అందించి, ఫోను తన వైపు తిప్పుకుంది.

"ఇప్పుడు నువ్వు" అంది.